కందగడ్డ తెమ్మంటే... కంద తెచ్చాడు!

పెళ్ళయిన కొత్తలో ప్రతి ఇంట్లోనూ ఓ యుద్ధం జరుగుతుంది. కత్తులుండవు, గరిటెలుంటాయి. రక్తం చిందదు, కాఫీ ఒలుకుతుంది. పదేళ్ళ తర్వాత తలచుకుంటే పొట్టచెక్కలయ్యే నవ్వు. జరుగుతున్నప్పుడు మాత్రం... అమ్మో!

అమ్మాయిది కరీంనగర్. అబ్బాయిది కాకినాడ. కాపురం హైదరాబాద్‌లో. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి శివరాత్రి. ‘ఒక్కపొద్దు విడిచేటప్పుడు తినాలె, కిలో కందగడ్డలు తీసుకురా’ అని ఆఫీసులో ఉన్న భర్తకు మెసేజ్ పెట్టిందావిడ. ఆయనగారు బుద్ధిమంతుడు. సాయంత్రం రైతుబజారుకు వెళ్ళి, గడ్డ సంగతి వదిలేసి ‘కంద ఉందా’ అని అడిగి, మట్టి కొట్టుకుపోయి ఉన్న దుంపలో ఓ పెద్ద ముక్క కోయించుకుని, విజయగర్వంతో ఇంటికొచ్చాడు.

ఆవిడ అడిగింది చిలగడదుంపలు. తెలంగాణలో కందగడ్డలంటే అవే. ఉడకబెట్టుకుని తింటే తియ్యగా ఉంటాయి. ఆయన తెచ్చింది బచ్చలితో కలిపి వండుకునే కంద. సరిగ్గా ఉడక్కపోతే గొంతంతా దురద!

‘శివయ్యకు గూడ దురద పెట్టిస్తవా?’ అని ఆవిడ.

‘మా వైపు కందాబచ్చలి లేకపోతే పెళ్ళిభోజనమే కాదు, తెలుసా?’ అని ఈయన.

అదే అమ్మాయిది అనంతపురమో కడపో అయ్యుంటే గెనుసుగడ్డలు అడిగి ఉండేది. అప్పుడాయన అసలేమీ తేకుండానే ఇంటికొచ్చేవాడు.

తెలుగు ఒకటే. వంటిళ్ళు మాత్రం బోలెడు. ఆమెకు ఉల్లిగడ్డ, అతనికి ఉల్లిపాయ, చిత్తూరు నుంచి వచ్చిన తోటికోడలికి ఎర్రగడ్డ. బంగాళాదుంప ఒకచోట ఆలుగడ్డ, ఇంకోచోట ఉర్లగడ్డ. పల్లీలు, వేరుశనగ గుళ్ళు, శనక్కాయలు, బుడ్డలు... ఇన్ని పేర్లు పెట్టుకున్న గింజతో చేసే పచ్చడి మాత్రం ఒకటే. ఆనపకాయ కూర వండానంటే ‘అదేంటి, సొరకాయలా ఉందే!’ అని ఆశ్చర్యపోయే భర్తలు ఇప్పటికీ ఉన్నారు.

కూరగాయలతో పోయేదైతే ఫర్వాలేదు. ఫోన్‌లో ‘మా మామ పొద్దుగాల్నే పోయిండు’ అని భార్య మామూలుగా చెబితే, గోదావరి జిల్లా భర్త ఆఫీసులో సెలవు చీటీ రాసేసి, కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పరుగెత్తుకొచ్చిన సందర్భాలున్నాయి. మామగారు పోయింది పొలానికి! కోస్తాలో ‘వెళ్ళాడు’ అనాల్సిన చోట ‘పోయాడు’ అంటే ఇక ఆ మనిషి లేనట్టే. తెలంగాణలో, రాయలసీమలో పోయినవాళ్ళు సాయంత్రానికి తిరిగొస్తారు. ఈ తేడా తెలిసేసరికి కనీసం రెండు గుండెలు ఆగినంత పనవుతుంది.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ ఓ ఏడాది తిరిగాక ఆ ఇంట్లోకి వెళ్ళి చూడండి. కూరగాయల చీటీలో ఏ పేరు రాస్తున్నారు? పప్పులో బెల్లం పడుతోందా, లేదా? చారు ఎవరి పుట్టింటి పద్ధతిలో మరుగుతోంది? ఎవరి మాట నిలబడిందో, ఎవరి మాట మెల్లగా మూలకు జరిగిందో ఆ చీటీయే చెప్పేస్తుంది. కొత్త కాపురంలోని నవ్వులాటల వెనక జరిగే అసలు బేరం ఇదే.

పందిట్లోనే శిక్షణ

మన పెద్దవాళ్ళు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టేశారు. లేకపోతే అంత గంభీరమైన మంత్రాల మధ్య ఆ ఆటలెందుకు పెడతారు? తలంబ్రాల దగ్గర చూడండి. ముందు పద్ధతిగా పిడికెడు పిడికెడు పోసుకుంటారు. నిమిషం తిరిగేసరికి పళ్ళెం ఎత్తి కుమ్మరించుకుంటారు. పురోహితుడు ‘చాలు నాయనా’ అంటున్నా వినిపించుకునేదెవరు! ఆ తర్వాత పూలబంతులాట. ఇక బిందెలో ఉంగరం సంగతి సరేసరి. నీళ్ళలో చేతులు పెట్టి ఇద్దరూ వెతుకుతుంటే, అటువాళ్ళు అబ్బాయినీ ఇటువాళ్ళు అమ్మాయినీ రెచ్చగొడుతుంటారు. దొరికిన ఉంగరాన్ని చల్లగా ఎదుటివాళ్ళ చేతిలోకి జార్చేసే పెళ్ళికొడుకులూ ఉంటారు. వాళ్ళకు ముందుచూపు ఎక్కువ.

పెళ్ళిచూపుల్లో ఓసారి తలెత్తి చూసుకోవడమే తప్ప, పీటల మీద కూర్చునేదాకా ఒకరి గొంతు ఒకరు వినని రోజులవి. ముక్కూమొహం తెలియని ఇద్దరిని బిడియం వదిలించి నవ్వించాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం ఏముంటుంది? గృహప్రవేశం రోజున ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి ‘పేర్లు చెబితేనే లోపలికి’ అని పట్టుబట్టేదీ అందుకే. భర్త పేరు పలకడమే మహాపరాధం అనుకునే కాలంలో, ఆ ఒక్క గుమ్మం దగ్గర మాత్రం పదిమందిలో పలికించేవారు. ‘నేనూ, మా ఆయన ఫలానావారూ వచ్చాం’ అని అమ్మాయి గొణగడం, ‘వినబళ్ళేదమ్మా’ అని వీళ్ళు మళ్ళీ చెప్పించడం...

‘ఒరే’ నుంచి ‘ఏమండీ’ దాకా

గుమ్మం దాటాక మళ్ళీ ఆ పేరు అటకెక్కేది. ‘ఏమండీ’ ఒక్కటుంటే జీవితం గడిచిపోయేది. బజార్లో ఓ ఇల్లాలు ‘ఏమండీ’ అని గట్టిగా పిలిస్తే నలుగురైదుగురు మగవాళ్ళు ఒకేసారి వెనక్కి తిరిగేవారు. అటునుంచి ‘ఏమే’, ‘ఒసేయ్’, ‘ఇదిగో నిన్నే’. మేనరికాలవాళ్ళు అదృష్టవంతులు. చిన్నప్పట్నుంచీ నోరారా పిలిచిన ‘బావా’యే పెళ్ళయ్యాకా సరిపోతుంది.

ఇప్పటి జంటల కష్టం వేరు. ఒకే కాలేజీలో చదివినవాళ్ళు, ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చున్నవాళ్ళు, పెళ్ళికి ముందే నాలుగేళ్ళు ‘నువ్వు’, ‘రా’, ‘ఒరే’ అని పిలుచుకున్నవాళ్ళు. మెడలో తాళి పడగానే ‘మీరు’ ఎలా వస్తుంది? అత్తగారింట్లో ‘ఒరే...’ అని మొదలుపెట్టి, వంటింటి గుమ్మంలో అత్తగారు కనబడగానే ‘...ఏమండీ’ అని ముగించే విద్య కొత్త కోడళ్ళకు రెండు రోజుల్లో అబ్బేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు గమనించండి. కారు విజయవాడ దాటేదాకా ‘నువ్వు పక్కకు ఆపుతావా లేదా’. గన్నవరం దగ్గరికొచ్చేసరికి ‘కాస్త నెమ్మదిగా పోనివ్వండీ’. కనుమ వెళ్ళాక తిరుగు ప్రయాణంలో మళ్ళీ అక్కడే ‘నువ్వు’ మొదలు.

అన్నట్టు, అత్తారింట్లో మామగారి ఎదుట భార్యను ‘మీరు’ అని పిలవాలేమో అన్న సందేహం ఏ అల్లుడికీ వచ్చినట్టు లేదు.

2020 మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ పడినప్పుడు కొత్త జంటలకు ఇంకో వింత ఎదురైంది. రెండు గదుల ఫ్లాటులో ఇద్దరి ఆఫీసులూ తెరుచుకున్నాయి. ఇంట్లో గ్లాసుడు మంచినీళ్ళకు కేకలేసే మనిషి ల్యాప్‌టాప్ ముందు ‘తప్పకుండా సార్, నాదే పొరపాటు సార్’ అని కరిగిపోవడం భార్య మొదటిసారి విన్నది అప్పుడే. ఇంట్లో ఏది అడిగినా ‘నీ ఇష్టం’ అనే అమ్మాయి పదిహేనుమందిని గడగడలాడించడం భర్త చూసిందీ అప్పుడే. ఆ తర్వాత చాలామంది ఇళ్ళలో స్వరాలు కాస్త సర్దుకున్నాయి.

మంచమొక్కటే, అలకలు రెండు

మన పెళ్ళిలో అలగడానికి కూడా ఓ ముహూర్తం ఉంది. అదే అలకపాన్పు. పెళ్ళికొడుకు బుంగమూతి పెట్టుకుని మంచమెక్కి కూర్చుంటాడు. మామగారు బతిమాలుతారు. అడిగింది చేతిలో పడ్డాక అల్లుడుగారు దిగొస్తారు. ఓ తరానికి వాచీ, తర్వాతి తరానికి సైకిలు, ఆ తర్వాత స్కూటరు... పాన్పు అలాగే ఉంది, అలకే పెరిగింది. 1961 నాటి చట్టం ప్రకారం కట్నం అడగడం నేరం. అలక ముసుగులో అడిగినా అంతే. సరదాకు ఉంగరమో పట్టుపంచో పెట్టుకుని నవ్వుకునేవాళ్ళ సంగతి వేరు.

విచిత్రమేమిటంటే, అలకంటే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది పెళ్ళికొడుకు కాదు, సత్యభామ. ఆమెకు ఏ పాన్పూ ఎవరూ వెయ్యలేదు. తనే ఓ గది చూసుకుంది. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణి చేతిలో పెట్టాడని అలిగి, బతిమాలడానికి వచ్చి కాళ్ళ మీద పడిన జగన్నాథుణ్ణి ఎడమకాలితో తన్నింది. ‘పారిజాతాపహరణం’లో నంది తిమ్మన రాసిన ఈ ఘట్టం వెనక ఓ కాపురం కథ చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలు ఓ రాత్రి అంతఃపురానికి వచ్చేసరికి రాణి నిద్రపోతోందట. ఆమె కాళ్ళున్నవైపు రాయల చిత్తరువు ఉందట. అంతే, రాజుగారికి కోపం వచ్చి అటువైపు రావడం మానేశాడు. పుట్టింటి నుంచి అరణంగా ఆమెతో వచ్చిన కవి తిమ్మన. ఆడపిల్ల తరఫు మనిషన్నమాట. సాక్షాత్తు కృష్ణుడే భార్య చేత తన్నించుకుని, ‘నీ కాలికి నొప్పి పుట్టిందేమో’ అని కంగారుపడినట్టు కావ్యం రాసి వినిపించాడు. రాయలవారికి విషయం బోధపడింది.

కథలో నిజమెంతో గానీ, భార్య నిద్రలో కాళ్ళు ఎటు చాపిందన్న తగాదా అయిదువందల ఏళ్ళ నాడూ ఉందని తెలుగువాళ్ళు నమ్మారంటేనే బోలెడంత ఓదార్పు. ఇప్పుడది ఫ్యాను దగ్గరకు వచ్చింది. ఆమెకు అయిదు మీద తిరగాలి, ఆయనకు రెండు చాలు. ఏసీ అయితే ఆయనకు ఇరవై, ఆమెకు ఇరవై ఆరు. దుప్పటి ఎవరు లాగేసుకున్నారన్న విచారణ తెల్లారి కాఫీ దగ్గర. తీర్పు మాత్రం ఎప్పుడూ వాయిదాయే.

289 నిమిషాలు... 88 నిమిషాలు

తువ్వాలు మంచం మీద పడేయడం, టూత్‌పేస్టును నడుం దగ్గర నొక్కడం, గ్యాస్ అయిపోయిందని సగం ఉడికిన పప్పు సాక్షిగా తెలుసుకోవడం... పేరుకు ఇవన్నీ నవ్వుల జాబితాలోవే. కాస్త దగ్గరగా చూస్తే చాలావాటికి మూలం ఒకటే. పనెవరిది?

జాతీయ గణాంక కార్యాలయం 2024లో దేశవ్యాప్తంగా జరిపిన సమయ వినియోగ సర్వే ఈ ప్రశ్నకు నిమిషాల్లో జవాబిచ్చింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. అది కూడా చేసేవాళ్ళ లెక్క. ఏ రోజైనా నూటికి 80 మందికి పైగా ఆడవాళ్ళు ఇంటిపనిలో ఉంటే, మగవాళ్ళు 30 మంది కూడా లేరు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అంటే అయిదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపే... మగవాళ్ళూ తొమ్మిది నిమిషాలు తగ్గించేసుకున్నారు!

ఇది ఆరేళ్ళు నిండిన అందరినీ కలిపి వేసిన లెక్క, కొత్త జంటలది మాత్రమే కాదు. అయినా కొత్త జంట ఇంటికి మొదటి ఆదివారం వెళ్ళినవాళ్ళకు ఈ అంకెలు కళ్ళకు కడతాయి. ‘మా ఆయన నాకు వంటలో సాయం చేస్తారు’ అని ఆమె గర్వంగా చెబుతుంది. సాయమంటే? ఆయన ఒక్క ఆమ్లెట్ వేస్తారు. దానికి మూడు గిన్నెలు, రెండు గరిటెలు, ఓ పళ్ళెం, పొయ్యి చుట్టూ నూనె. ‘ఉప్పెక్కడ?’, ‘పచ్చిమిరపకాయలెక్కడ?’, ‘అట్లకాడ ఏదీ?’ అని మూడు కేకలు. ఆ తర్వాత ఆ ఆమ్లెట్‌కు ఇంటిల్లిపాదీ ఇచ్చే కితాబులు... ఆమె రోజూ చేసే ఆరు పనులకు కలిపి రావు.

కాంతం నవ్విందంటే...

భార్యల మీద జోకులకు మన దగ్గర కరవులేదు. కానీ తెలుగులో దాంపత్యం మీద నిలిచిపోయిన హాస్యం చూడండి, అందులో నవ్వులపాలయ్యేది ఎక్కువగా భర్తే. తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో 1898లో పుట్టిన మునిమాణిక్యం నరసింహారావు బడిపంతులు. ఆయన ‘కాంతం కథలు’ చెప్పేది భర్తే. తానెంతో తెలివైనవాణ్ణనుకుని మొదలుపెడతాడు. చివరకొచ్చేసరికి కాంతం ఓ చిన్న మాట అని చిరునవ్వు నవ్వుతుంది. పంతులుగారి పని సరి! ఆ ఓటమిని ఆయనే మురిసిపోతూ మనకు చెబుతాడు. భార్య తెలివికి ఓ భర్త ఇంత సంతోషంగా దాసోహమన్న కథలు ఆ రోజుల్లో రావడం మామూలు విషయం కాదు.

సినిమాల్లోనూ ఆ దారి ఉంది. 1955లో ‘మిస్సమ్మ’లో పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూపెళ్ళాల్లా నటిస్తారు. 1991లో బాపు ‘పెళ్ళిపుస్తకం’లో పెళ్ళయిన ఇద్దరు ఉద్యోగం కోసం కానట్టు నటిస్తారు. 1993లో వచ్చిన ‘మిస్టర్ పెళ్ళాం’లో ఆవిడ ఉద్యోగానికి వెళ్తుంది, ఆయన వంటింట్లో తంటాలు పడతాడు. ముళ్ళపూడి వెంకటరమణ పుట్టించిన రాధ, గోపాలం 2005లో తెరకెక్కినప్పుడు ఇద్దరూ లాయర్లయి కోర్టులోనే తలపడ్డారు. ఎక్కడా నవ్వు ఒకవైపే లేదు. అందుకే ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని చూడగలిగారు, ఇంటి ఇల్లాలు మధ్యలో లేచి వెళ్ళాల్సిన అవసరం లేకుండా.

గ్రూపులో పడ్డ ఉప్మా

ఇంట్లో పుట్టిన నవ్వు గడప దాటితే ఏమవుతుందో చెప్పడానికి ఓ ఉప్మా చాలు. వరంగల్‌లో ఓ కొత్త జంట. ఆమె హాస్టళ్ళలో పెరిగింది, పొయ్యి ముట్టింది లేదు. మొదటిసారి చేసిన ఉప్మాలో గరిటె గుచ్చితే నిటారుగా నిలబడింది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ఫొటో తీసి, ‘మా ఇంట్లో సిమెంటు పని జరుగుతోంది’ అని రాసి చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నవ్వే బొమ్మలు వరస కట్టాయి. ఆమె కూడా ఒకటి పెట్టింది.

తర్వాత ఏ శుభకార్యానికి వెళ్ళినా అదే పలకరింపు. పిన్నిగారు ‘ఏమ్మా, పిల్లర్లు లేచాయా?’ అన్నారు. మరిదిగారు తాపీ తెచ్చివ్వమంటారా అన్నాడు. ఏడోసారో ఎనిమిదోసారో, ఓ నిశ్చితార్థంలో బాబాయిగారు వడ్డన దగ్గర అందరికీ వినబడేలా ‘మా కోడలు సిమెంటు స్పెషలిస్టు’ అనేసరికి ఆమె విస్తరి ముందు నుంచి లేచిపోయింది. పదిమందిలో పలచన కావడం అంటే ఏమిటో అప్పటిదాకా నవ్వుతున్న భర్తకు అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి ఇంట్లో మాటల్లేవు. ‘జోకే కదా’ అన్నాడాయన. ‘నాక్కాదు’ అందామె.

మర్నాడు పొద్దున్నే ఆయన వంటింట్లోకి వెళ్ళి ఉప్మా చేశాడు. రవ్వ వేయించాలని తెలియదు. నీళ్ళెన్ని పొయ్యాలో అసలే తెలియదు. అయిన దానికి ఫొటో తీసి అదే గ్రూపులో పెట్టి, కింద రాశాడు: ‘రెండో అంతస్తు వేస్తున్నాం. ఈసారి మేస్త్రీని నేనే.’ సాయంత్రానికల్లా సిమెంటు బిరుదు ఆయనకు బదిలీ అయిపోయింది. ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. తిరిగివ్వమని ఆమె అడగనూలేదు.

అందరికీ ఇంత తొందరగా తెలివి రాదు. భర్త జీతం మీద, బట్టతల మీద స్నేహితురాళ్ళ దగ్గర ఛలోక్తులు విసిరి, ఆయన మొహం మాడిపోవడం గమనించని భార్యలూ ఉన్నారు. ఏకాంతంలో వందసార్లు నవ్వుకున్న మాటే పదిమందిలో ఒక్కసారి అంటే ముల్లవుతుంది.

ఆషాఢం చేసే మేలు

ఈ గొడవలన్నిటికీ మన క్యాలెండర్లోనే ఓ విరామం ఉంది. ఆషాఢం. పెళ్ళయిన తొలి ఏడాది ఆ నెలలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని, అల్లుడు అత్తారింటికి వెళ్ళకూడదని అమ్మాయిని పుట్టింటికి పంపేస్తారు. ఆషాఢంలో కడుపు పండితే ఎండలు మండే చైత్రంలో పురుడొస్తుందని పెద్దవాళ్ళు చెప్పే కారణం. పొలం పనుల రోజుల్లో కొత్త పెళ్ళికొడుకు ఇల్లు పట్టుకుని కూర్చుంటే ఎలా అన్నది నవ్వుతూ చెప్పే ఇంకో కారణం.

ఇప్పుడు వీడియో కాల్ ఉన్నాక ఎడబాటేముంది! పైగా అసలు తమాషా అక్కడే. ఫోన్‌ను సీసాకు ఆనించి నిలబెట్టి, మూడువందల కిలోమీటర్ల అవతలి నుంచి ఆమె చెబుతుంటే ఈయన పోపు వేస్తుంటాడు. మొదటి వారం ఆవాలకూ గసగసాలకూ తేడా తెలియదు. రెండో వారం డబ్బాలన్నీ కిందికి దింపుతాడు. మూడో వారానికి తన ఎత్తుకు, తన చేతివాటానికి తగ్గట్టు అరలన్నీ సర్దేసి, తెల్లకాగితం ముక్కల మీద పేర్లు రాసి అంటిస్తాడు.

శ్రావణం వస్తుంది. పసుపు, కుంకుమ, సారె, చలిమిడితో అమ్మాయి తిరిగొస్తుంది. కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగిస్తుంది. రెండు నిమిషాల తర్వాత లోపల్నుంచి కేక...

‘ఏమండీ, ఉప్పెక్కడ పెట్టారు?’

పేపరు మీంచి తలెత్తకుండా ఆయన జవాబు: ‘రెండో అరలో ఎడం పక్కన. కళ్ళెదురుగానే ఉంది చూడవోయ్!’